గాజుపోగుకు గేటు పాసు

మా గౌడవెల్లి అపార్టుమెంటు బ్రోచర్ ఏడో పేజీలో ఒక బొమ్మ ఉంటుంది. సోఫా మీద అమ్మ, నాన్న, ఇద్దరు పిల్లలు. నలుగురి చేతుల్లో నాలుగు తెరలు, గోడకు అయిదోది. అందరి మొహాల్లోనూ పెళ్ళి ఆల్బం నవ్వు. కింద బంగారు అక్షరాలతో ‘ఫైబర్ రెడీ హోమ్స్’ అని రాసి ఉంటుంది. ఫ్లాటు కొన్ననాడు ఆ మాటకు అర్థమేమిటని నేను అడగలేదు. గృహప్రవేశమైన మర్నాడు తెలిసింది. ఫైబర్ కోసం మేం రెడీగా ఉండాలట. ఎన్నాళ్ళన్నది ఎనిమిదో పేజీలో కూడా లేదు.

కనెక్షనుకు డబ్బు కట్టింది ఒకటో తారీఖున. గోడమీది తెల్ల డబ్బాలో పచ్చదీపం నిలకడగా వెలిగింది ఇరవై నాలుగో తారీఖున. మధ్యలో 23 రోజులు. గేటు ముందున్న కరెంటు స్తంభం నుంచి నాలుగో అంతస్తులోని మా హాలు దాకా మెట్ల పక్కగా టేపు పెట్టి కొలిచాను, 60 మీటర్లు. లెక్క వేస్తే గంటకు 11 సెంటీమీటర్లు. వానాకాలంలో మా పార్కింగ్ గోడెక్కే నత్త ఇంతకంటే చురుకు. దానికి ఎన్ఓసీ అక్కర్లేదు మరి.

ఇంకో లెక్క కూడా వేశాను. ఫైబర్ అంటే గాజుపోగు. గాజులో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పరిగెడుతుంది. సముద్రం అడుగున వచ్చే కేబుళ్ళు చాలావరకు ముంబయిలో ఒడ్డెక్కుతాయి. అక్కణ్నుంచి మా ఊరు సుమారు 700 కిలోమీటర్లు. వెలుగుకు ఆ దూరం మూడున్నర మిల్లీసెకన్ల పని. మనం ఒకసారి రెప్ప వేసి తీసేలోపు ఇరవై సార్లు వచ్చిపోగలదు. అలాంటిది అరేబియా సముద్రం ఈది, పడమటి కనుమలు దాటి, దక్కను పీఠభూమి ఎక్కి వచ్చిన ఆ వెలుగు మా గేటు దగ్గర ఆగి వాచ్‌మన్ రిజిస్టర్లో సంతకం పెట్టాల్సి వచ్చింది. “ఎవరింటికి? ఏం పని? సెక్రటరీ సారుకు చెప్పినవా?”

మా ఊరు ఎక్కడో అడవిలో ఉందనుకునేరు. హైదరాబాద్ శివార్లలో, మేడ్చల్ పక్కనే. ఒకప్పుడు ద్రాక్షతోటలకు పేరు మోసిన నేల, ఇప్పుడు వెంచర్లు కాస్తోంది. 2023 ఏప్రిల్ 8న మొదలైన ఎంఎంటీఎస్ రెండో దశలో మేడ్చల్ దాకా రైలు వేశారు, మా స్టేషన్లో ఆగుతుంది. కండ్లకోయలో ఐటీ పార్కుకు 2022 ఫిబ్రవరిలో శంకుస్థాపన చేశారు. శామీర్‌పేట వైపు వెళ్తే జీనోమ్ వ్యాలీ, నల్సార్, బిట్స్. మందులు కనిపెట్టేవాళ్ళు ఒక పక్క, చట్టాలు చదివేవాళ్ళు ఇంకో పక్క, ఇంజనీరింగు చదివేవాళ్ళు మరో పక్క. నడుమ మేము బాల్కనీ గ్రిల్లుకు వేలాడుతూ, ఫోను నెత్తిమీద ఎత్తిపట్టుకుని, “హలో, వినబడుతోందా?” అంటుంటాం.

ఈ అరవై మీటర్లలో నేను అయిదు గేట్లు దాటాను. టోల్ గేటయితే రేటు బోర్డు ఉంటుంది, రసీదు ఇస్తారు. ఇక్కడ అదీ లేదు.

మొదటి గేటు కంపెనీ. రోడ్డు మీద గొడుగు కింద టీషర్టు వేసుకున్న కుర్రాడు నిలబడి దానకర్ణుడిలా పిలిచాడు. “ఇన్‌స్టలేషన్ ఫ్రీ సార్, రూటర్ ఫ్రీ, ఓటీటీలు ఫ్రీ, మూడు నెలలు ఎక్స్‌ట్రా ఫ్రీ.” ఇన్ని ఫ్రీల కోసం ఆరు నెలల సొమ్ము ముందే కట్టించుకున్నాడు. సాయంత్రానికి గొడుగూ లేదు, కుర్రాడూ లేడు. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే తియ్యటి గొంతు చెప్పింది. “మీ ఏరియా ఫీజిబుల్ సార్.” రెండో రోజు వేరే తియ్యటి గొంతు. “ఏరియా ఫీజిబులే సార్, మీ బిల్డింగు నాన్ ఫీజిబుల్.” నాలుగో రోజు మూడో గొంతు. “బిల్డింగు ఫీజిబులే సార్, పోర్టులు ఫుల్.” ఫీజిబుల్ అంటే తెలుగులో ఏమిటో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను. బహుశా ‘డబ్బు ముట్టింది’ అని కావచ్చు.

పోర్టులు ఫుల్ కావడంలో మాత్రం ఒక కిటుకుంది. అది ప్రతి చందాదారుడూ తెలుసుకోవాలి. కంపెనీ నుంచి బయల్దేరిన ఒక్క గాజుపోగును వీధిలో ఒక చిన్న డబ్బాలో 32 పాయలుగానో 64 పాయలుగానో చీలుస్తారు. దాన్ని స్ప్లిటర్ అంటారు. ఎక్కువగా వాడే జీపాన్ పద్ధతిలో ఆ పోగులో దిగివచ్చేది మొత్తం సెకనుకు రెండున్నర గిగాబిట్లు. దాన్నే అందరూ పంచుకోవాలి. మా తాత ఆస్తీ ఇంతే. కాగితం మీద పదెకరాలు, అన్నదమ్ములు పంచుకున్నాక మాకు గట్టు మిగిలింది. ప్లాను కాగితంలో ‘300 ఎంబీపీఎస్ వరకు’ అని ఉంటుంది చూడండి, ఆ మొత్తం వాక్యంలో నిజం పలికే మాట ‘వరకు’ ఒక్కటే. అదేమని నిలదీద్దామా అంటే కేంద్రం నిర్వచనం అడ్డొస్తుంది. బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవడానికి కనీసం 512 కేబీపీఎస్ చాలన్న కొలతను 2023లో పెంచారు. ఎంతకనుకున్నారు? 2 ఎంబీపీఎస్‌కు. ఈ కొలతన చూస్తే మా ఊళ్ళో ఎద్దులబండి కూడా ఎక్స్‌ప్రెస్సే.

రెండో గేటు అసోసియేషన్. దాని ఎన్నికంటే, ఒకరు చెయ్యెత్తుతారు, నలుగురు టీ తాగుతారు, అయిదోవారు సెక్రటరీ అవుతారు. మా సెక్రటరీ గారు రిటైరైన పెద్దమనిషి. సర్వీసులో ఉన్నన్నాళ్ళూ ఒక్క ఫైలైనా ఆపే సీటు దక్కలేదట. ఆ లోటు ఇక్కడ తీర్చుకుంటున్నారు.

“సార్, ఫైబర్ కనెక్షనుకు ఎన్ఓసీ కావాలి.”

“ఏ కంపెనీ అండీ?”

చెప్పాను.

“అబ్బే, వాళ్ళది మన బిల్డింగులో లేదు కదండీ.”

“లేదు కాబట్టే రప్పిద్దామని.”

“లేనివాళ్ళను ఎలా రప్పిస్తాం? ముందు ఉండాలి కదా! సరే, కమిటీలో పెడతాను.”

కమిటీ నెలకోసారి కూర్చుంటుంది, కోరం ఉంటే. నా అర్జీ మీద అభ్యంతరాలు మూడు వచ్చాయి. గోడలకు కన్నాలు పడతాయి. బయటి మనుషులు వస్తే సెక్యూరిటీ సమస్య. అన్నిటికంటే ముఖ్యం, బిల్డింగు ఎస్థటిక్స్ దెబ్బతింటాయి. మా ఎస్థటిక్స్ ఎలాంటివంటే, లిఫ్టు పక్కన పాన్ మరకలు, మూడో అంతస్తు మెట్ల మీద పదహారు జతల చెప్పులు, ప్రతి బాల్కనీలో ఊగే బనియన్లు. ఇంత శిల్పసంపద మధ్య అగ్గిపుల్లంత లావు తెల్లతీగ ఒకటి వస్తే రామప్ప గుడికి మేకు కొట్టినంత అపచారమట.

అసలు సంగతి వాచ్‌మన్ చెప్పాడు. “మీకు ఎర్కలేదా సార్? ఇంకో కంపెనోళ్ళు ఆఫీసుకు ఫ్రీ లైన్ ఇచ్చిన్రు. కెమెరాలకు ఫ్రీ. సెక్రటరీ సారింట్ల గూడ ఫ్రీయే. వేరేటోళ్ళను లోపటికి రానియ్యొద్దని మాట.”

అదీ సంగతి. 72 కుటుంబాల గడపలు ఒక రూటరుకు చెల్లిపోయాయి. బలి చక్రవర్తి దానమిచ్చి పాతాళానికి పోయాడంటే, పాపం తన రాజ్యమే ఇచ్చాడు. మా కమిటీ మా గడపలు దానమిచ్చి తాను హాయిగా వైఫై వాడుకుంటోంది.

ఇది మా ఒక్కరి గొడవే అయితే రాసేవాణ్ని కాదు. భవనంలోకి ఒక కంపెనీనే రానిచ్చి మిగతావాళ్ళకు తలుపేసే ఒప్పందాలు తగవని, లోపలి తీగలు, పైపులు అందరూ న్యాయంగా పంచుకోవాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2017 జనవరిలోనే సిఫార్సు చేసింది. అమెరికాలో కేబుల్ కంపెనీలు అపార్టుమెంట్లతో ఇలాంటి ఒప్పందాలు చేసుకోకూడదని అక్కడి ఎఫ్‌సీసీ 2007లో నిషేధించింది. తలుపు మూస్తే కిటికీలోంచి వచ్చారు. ఓనర్లకు ఆదాయంలో వాటాలిచ్చి పోటీదారులను ఆపడం మొదలుపెట్టారు. దానికి కూడా కొన్ని బిగింపులు వేయడానికి 2022 దాకా పట్టింది. అంటే ఈ విద్య మనం కనిపెట్టింది కాదు. కానీ అక్కడ నిషేధం అంటారు, ఇక్కడ సిఫార్సు అంటారు. సిఫార్సు అంటే మన దేశంలో పెళ్ళికి పిలిస్తే ఎదురింటివాళ్ళు చెప్పే మాటలాంటిది. “వస్తాం, వస్తాం” అంటారు.

సిఫార్సుల తర్వాత సలహాలొచ్చాయి. కట్టే దశలోనే టెలికాం తీగలకు అందరికీ పనికొచ్చే దారి వదలాలని 2022లో కేంద్రం నమూనా భవన నిబంధనలకు ఒక అనుబంధం జోడించింది. నమూనా అంటే తెలుసుగా? ఫ్లాటు అమ్మేటప్పుడు చూపిస్తారే, మోడల్ ఫ్లాటు, అలాంటిది. అందులో ఎవరూ కాపురముండరు. ఆ తర్వాత 2024 అక్టోబరు 25న ట్రాయ్ భవనాలకు డిజిటల్ కనెక్టివిటీ నక్షత్రాలిచ్చే రెగ్యులేషన్లు తెచ్చింది. లోపల ఫైబర్, వైఫై, మొబైల్ సిగ్నల్ ఎలా ఉన్నాయో పరీక్షించి అయిదు దాకా చుక్కలిస్తారు. మంచి ఆలోచనే. కాకపోతే పరీక్షకు కూర్చోవాలా వద్దా అన్నది బిల్డరు ఇష్టం. హాల్ టికెట్టే తీసుకోనివాడు ఫెయిలయ్యే ప్రశ్నే లేదు. 2025 జనవరి 1 నుంచి తీగలకు దారి హక్కు గురించిన కొత్త రైట్ ఆఫ్ వే నిబంధనలు కూడా అమల్లోకి వచ్చాయి. ప్రైవేటు స్థలమైతే కంపెనీ ఓనర్లతో ఒప్పందం చేసుకోవాలి. వాళ్ళు మొండికేస్తే, ప్రజాప్రయోజనం ఉందనుకుంటే కేంద్రం కలగజేసుకోవచ్చని 2023 నాటి టెలికాం చట్టం చెబుతోంది. నేను ఆశగానే చదివాను. మా నాలుగో అంతస్తులో మా నాన్న భక్తి చానెల్ చూడటం ప్రజాప్రయోజనం కిందికి వస్తుందా అని ఢిల్లీకి ఉత్తరం రాయాలంటే మెయిలు పోవాలి. మెయిలు పోవాలంటే నెట్ ఉండాలి.

మూడో గేటు కేబుల్ అన్న. ఇతన్ని తిట్టడానికి నాకు నోరు రాదు. లైన్ పోయిందని ఫోన్ చేస్తే కస్టమర్ కేర్ వాళ్ళు ‘మీ కాల్ మాకెంతో విలువైనది’ అనేలోపు అన్న నిచ్చెనతో గేటు దగ్గరుంటాడు. వానలో స్తంభమెక్కుతాడు. నెల డబ్బులు పదో తారీఖుకు ఇచ్చినా ఏమనడు. ఒక్క షరతు. ఏరియా ఆయనది.

“ఇరవై ఏండ్ల సంది ఈడ వైర్లు గుంజుతున్న సార్. మీరు నిన్నగాక మొన్న వచ్చిన్రు. ఆ కంపెనోని లైన్ తీస్కుంటే తీస్కోండ్రి, నేనేమన్న. గని ఆని వైర్ ఈడ నిలవడది.”

నిలబడలేదు. నా డబ్బు తీసుకున్న కంపెనీ వాళ్ళు స్తంభం నుంచి గోడదాకా లాగిన తీగ మూడుసార్లు తెగింది. మూడుసార్లూ “ఎలుక కొరికింది సార్” అన్నారు. అదే గోడ మీద అన్న తీగలు ఏడు ఉన్నాయి, ఒక్కదానికీ గాటు లేదు. మా బేస్‌మెంటు ఎలుకకు చదువొచ్చు. కంపెనీ పేరు చూసి మరీ కొరుకుతుంది.

నాలుగో గేటు డక్టు. బ్రోచర్లో చెప్పినట్టు మెట్ల పక్కన ప్రతి అంతస్తుకూ ఒక చిన్న తలుపుంది. తీస్తే లోపల చీపుర్లు, మిగిలిపోయిన టైల్స్, ఎవరిదో పాత సంక్రాంతి గాలిపటం. వెనక పైపు కూడా ఉంది, అబద్ధమెందుకు. టెక్నీషియన్ స్ప్రింగు తోశాడు. రెండో అంతస్తు దగ్గర టక్కుమని ఆగింది. “ప్లాస్టరింగుల సిమెంట్ పడ్డది సార్, పైప్ జామ్.” బిల్డరుకు ఫోన్ చేస్తే, “ప్రొవిజన్ ఇచ్చాం కదండీ” అన్నాడు. ప్రొవిజన్ అంటే పైపు పెట్టడమే. అందులోంచి ఏదైనా వెళ్ళాలన్న నియమం అగ్రిమెంటులో లేదు. నీళ్ళ పైపు, డ్రైనేజీ పైపు ఇలా పెడితే ఊరుకుంటామా అని అడిగాను. “అది వేరే విషయం కదండీ” అన్నాడు. మంజీరా నీళ్ళకు ఎస్థటిక్స్ అడ్డు రావు. నీళ్ళతో సమానంగా అవసరమైపోయిన తీగకు మాత్రం చీపురు పక్కన చోటు.

పైపు లేకపోతే తీగ ఎక్కడినుంచి వస్తుంది? బయటినుంచి. మొదటి అంతస్తు వారి కిటికీ చువ్వకు ఒక ముడి, రెండో అంతస్తు ఏసీ యూనిట్‌కు ఒక ముడి, మూడో అంతస్తు బట్టల దండేనికి ఇంకో ముడి. కమిటీ కాపాడిన అందం ఇలా తీగ తీగలుగా వేలాడింది. గాజుపోగులో వెలుగు నడిచే నడిమి దారి 9 మైక్రాన్లు, వెంట్రుకలో చిన్న భాగం. గట్టిగా వంచితే మలుపులో వెలుగు కారిపోతుంది. మూడో అంతస్తు వారు దుప్పటి ఆరేసినప్పుడల్లా మా ఇంట్లో ఎర్రదీపం వెలిగేది. వాళ్ళ చాకలి లెక్క మా రూటరులో చూసి చెప్పగలిగేవాణ్ని.

గాజులో మలినాలు తీసేస్తే వెలుగు కిలోమీటర్ల దూరం చెదరకుండా పోగలదని 1966లో చార్లెస్ కావో లెక్కకట్టి చెప్పాడు. 2009లో నోబెల్ బహుమతి ఇచ్చారు. పాపం పెద్దాయన, మలినమంతా గాజులోనే ఉంటుందనుకున్నాడు. అపార్టుమెంటు కమిటీని చూసి ఉంటే పేపరుకు రెండో భాగం రాసేవాడు.

అయిదో గేటు కరెంటు స్తంభం. దీని గురించి వెటకారం ఆడను. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి అయిదుగురు చనిపోయారు. ఆ తర్వాత స్తంభాల మీద వేలాడే తీగలను నగరమంతటా కత్తిరించడం మొదలుపెట్టారు. ఎక్కడ చూసినా ఇంటర్నెట్ ఆగింది, వ్యవహారం హైకోర్టు దాకా వెళ్ళింది. కత్తెర పట్టినవాళ్ళ తప్పని నేననను. మనుషుల ప్రాణాలకంటే నాకు నెట్ ఎక్కువ కాదు. కానీ ఆ తీగలు ఒక్క రాత్రిలో మొలవలేదు. నేల కింద దారి లేకపోతే, భవనంలో దారి లేకపోతే, తీగ గాల్లోనే పోతుంది. కట్టినవాడు తన పని అయిందనుకుంటాడు. పాత తీగ చచ్చాక ఎవరూ విప్పరు, దానిమీద కొత్తది కడతారు. మనుషులు చచ్చాక అన్నీ ఒకేసారి కోస్తారు. అయిదు ప్రాణాలు పోయాక కూడా మనం అడిగింది ‘నెట్ ఎప్పుడొస్తుంది’ అనే. తీగకు దారెక్కడ అని అడిగినవారు తక్కువ.

సర్కార్లు ఊరికే కూర్చోలేదు. తెలంగాణలో మిషన్ భగీరథ నీళ్ళ పైపులకు తవ్విన కందకాల్లోనే ఫైబర్ పైపూ వేసి టీ-ఫైబర్ అన్నారు. 2024 డిసెంబరులో కొన్ని పల్లెల్లో సేవలు మొదలుపెట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి చేతులమీదుగా ఫైబర్‌నెట్ ప్రారంభించి, నెలకు 149 రూపాయలకే నెట్, టీవీ, ఫోను అన్నారు. అక్కడ తీగలను కరెంటు స్తంభాల మీద ఊరూరా తీసుకెళ్ళారు. అంతకు చాలా ముందే, 2000లో, రైలు పట్టాల వెంట ఫైబర్ పరిచేందుకు రైల్‌టెల్‌ను పుట్టించారు. నీళ్ళ గుంతలో ఒకటి, కరెంటు స్తంభం మీద ఒకటి, రైలు పట్టా పక్కన ఒకటి. ఫైబర్ ఎక్కడికెళ్ళినా అద్దెకొంపే. అయినా నీళ్ళ కందకంలో తీగ వెయ్యడం తెలివైన పని, ఒప్పుకోవాలి. ఒకసారి తవ్వు, రెండు పనులు కానివ్వు. ఈ తెలివి ఊరి పొలిమేర దాకా వచ్చింది. అపార్టుమెంటు పునాది తవ్వేవాడికి ఎందుకు అంటలేదన్నదే నా ప్రశ్న.

ఇక టీవీ. ఇంటర్నెట్‌తోపాటు టీవీ కూడా ఫ్రీ అన్నారు కదా, దాని ముచ్చట కూడా వినండి. 2019 ఫిబ్రవరి నుంచి మనకు కావలసిన చానెళ్ళు మనమే ఏరుకునే స్వేచ్ఛ వచ్చింది. ఆ స్వేచ్ఛకు ప్రవేశ రుసుము నెలకు గరిష్ఠంగా 130 రూపాయలు, పైన పన్ను. ముందు 100 చానెళ్ళకు, తర్వాత 200 చానెళ్ళకు. 2024లో ట్రాయ్ ఆ పరిమితి కూడా ఎత్తేసి మార్కెట్టుకు వదిలేసింది. ఆ ఏరుకునే పనినీ, ఆ రుసుమునూ తప్పించుకుందామని ఫైబర్ టీవీకి మారాను. మా నాన్నకు ఎనభై దాటాయి. ఆయనకు కావలసినవి మూడే. పొద్దున భక్తి, మధ్యాహ్నం పాత సినిమా, రాత్రి ఏడింటికి వార్తలు. పాత రిమోట్ మీద ఆ మూడు నంబర్ల రంగు చెరిగిపోయింది, అంతగా అలవాటు. ఇప్పుడు బల్ల మీద రిమోట్లు మూడు. ఒకటి టీవీది, ఒకటి డబ్బాది, మూడోది ఎవరిదో డబ్బాకే తెలియదు. నొక్కగానే చానెల్ రాదు. అప్‌డేట్ అంటుంది, పాస్‌వర్డ్ అంటుంది, ఓటీపీ అంటుంది. అన్నీ అయ్యాక తెరమీద ‘ఎవరు చూస్తున్నారు?’ అని అడుగుతుంది.

“నేనేరా” అన్నాడు నాన్న, తెరవైపు తిరిగి.

తెర నమ్మలేదు. ఏడున్నరయింది, వార్తలు అయిపోయాయి. అన్నిటికంటే పెద్ద సౌకర్యం ఇంకోటి. పూర్వం కేబుల్ పోతే ఫోను ఉండేది, ఫోను పోతే టీవీ ఉండేది. ఇప్పుడు మూడూ ఒకే పోగులో వస్తాయి కాబట్టి మూడూ ఒకేసారి పోతాయి. పప్పు, చారు, పెరుగు ఒకే గిన్నెలో పోసి, ఆ గిన్నెను మూడో అంతస్తు వారి దండేనికి వేలాడదీసినట్టు.

మరి 23వ రోజు నాకు కనెక్షన్ ఎలా నిలబడింది? కోర్టు తీర్పుతోనా, ట్రాయ్ చుక్కతోనా? కాదు. సెక్రటరీ గారి అమ్మాయికి డల్లాస్ సంబంధం వచ్చింది. వీడియోలో పెళ్ళిచూపులు. అబ్బాయి తల్లి “అమ్మాయిని ఒక పాట పాడమనండి” అంటున్న క్షణాన ఫ్రీ లైను ఆగిపోయింది. తెరమీద అమ్మాయి నోరు తెరిచి బొమ్మలా ఉండిపోయింది. అటువాళ్ళు అమ్మాయికి మాట్లాడటానికి మొహమాటమేమో అనుకున్నారట. ఆ రాత్రి తొమ్మిదింటికి కమిటీ వాట్సాప్‌లో అత్యవసరంగా సమావేశమైంది, మొబైల్ డేటా మీద. కోరం అక్కర్లేకపోయింది, ఎస్థటిక్స్ గుర్తుకు రాలేదు. పొద్దున ఎనిమిదింటికి ఎన్ఓసీ మా తలుపు కింద ఉంది. పదింటికి మేస్త్రి వచ్చి రెండో అంతస్తు దగ్గర పైపు కొట్టి కొత్త ముక్క వేశాడు. గంటన్నర పని. నా కంపెనీవాళ్ళు తీగను డక్టులోంచే తెచ్చారు. ఎలుక కూడా ఎందుకో మనసు మార్చుకుంది. కేబుల్ అన్నకు కమిటీ అదే పైపులో చోటిచ్చింది మరి.

అంటే నా ఫైబర్ ఒక పెళ్ళిచూపుల దయ. ఆ సంబంధం వారం ముందు వచ్చి ఉంటే నాకు వారం కలిసొచ్చేది. అసలు రాకపోయి ఉంటే ఇప్పటికీ గ్రిల్లుకు వేలాడేవాణ్ని. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు, చూపులేనివారికి డిజిటల్ కేవైసీలో ఎదురయ్యే ఇబ్బందుల కేసులో, డిజిటల్ సేవలు అందుకోగలగడం జీవించే హక్కులో భాగమని చెప్పింది. అంత పెద్ద మాట కోర్టు నుంచి మా గేటు దాకా వచ్చి వాచ్‌మన్ రిజిస్టర్లో సంతకం పెట్టింది. పైకి రావడానికి మాత్రం డల్లాస్ సంబంధం కావలసి వచ్చింది.

తప్పంతా సెక్రటరీ గారిది, బిల్డరుది, కేబుల్ అన్నది అని ఇక్కడ సంతకం పెట్టి తప్పుకోవచ్చు. కానీ గత జనరల్ బాడీలో నేనూ ఉన్నాను. గేటుకు గ్రానైటు తొడిగి మీద రెండు సింహాలు పెట్టే తీర్మానం అయిదు నిమిషాల్లో పాసయింది. చేతులెత్తినవాళ్ళలో నాదీ ఒక చెయ్యి. డక్టులు శుభ్రం చేయించే అంశం ‘వచ్చే మీటింగుకు’ అని పక్కన పెట్టారు. అప్పుడు నేను బిస్కట్ తింటున్నాను. సింహాలు ఇప్పుడు గేటు మీద కూర్చుని ఎవరి తీగా లోపలికి రాకుండా చూస్తున్నాయి.

అందుకని అపార్టుమెంట్లలో ఉంటున్నవారికి ఒక మాట. వచ్చే జనరల్ బాడీలో మూడు తీర్మానాలు పెట్టండి. ప్రతి అంతస్తు డక్టు తలుపు తెరిచి, జామైన పైపులు తెరిపించాలి. ఏ కంపెనీ వచ్చినా ఒకే షరతు మీద దారి ఇవ్వాలి, కేబుల్ అన్నకూ అదే షరతు. ఏ కంపెనీ నుంచి ఏం పుచ్చుకున్నా, అది రూటరైనా సరే, లిఫ్టు పక్కన నోటీసు బోర్డు మీద రాయాలి. ట్రాయ్‌కు కూడా ఒక విన్నపం. నక్షత్రాల పరీక్షను తప్పనిసరి చెయ్యండి. చుక్క రాని భవనం పేరు చుక్క వచ్చినదాని పక్కనే కనబడనివ్వండి.

ఇక మేడ్చల్ రోడ్డు మీద ఆదివారం పూట ఫ్లాట్లు చూడ్డానికి వస్తున్నవారికి. సేల్స్ కుర్రాడు బ్రోచర్ ఏడో పేజీ తిప్పి సోఫా బొమ్మ చూపిస్తాడు. క్లబ్ హౌసు, ఈత కొలను తర్వాత చూడొచ్చు. ముందు మెట్ల పక్కనున్న ఆ చిన్న తలుపు తియ్యమనండి. లోపల చీపురుంటే పర్వాలేదు, చీపురు తీసేయవచ్చు. తాళం ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదంటే మాత్రం అడ్వాన్సు జేబులోనే ఉంచుకోండి.